పాడినవాడిదే పాట: కోలిన్ బ్లన్‌స్టోన్ ‘వన్ ఇయర్’

ఇంగ్లీషు పాప్ పాటల మీద ఇష్టమున్నవాళ్ళ దగ్గర 1971 మాట ఎత్తితే చాలు, పేర్లు వరసగా వచ్చేస్తాయి. కేరొల్ కింగ్ ‘టాపెస్ట్రీ’, జోనీ మిచెల్ ‘బ్లూ’, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’, లెడ్ జెప్పెలిన్ నాలుగో రికార్డు. ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోను రికార్డులు, దాచుకునే ఇళ్ళలో వీటిలో ఒకటైనా కనిపిస్తుంది. అదే ఏడాది నవంబరులో ఎపిక్ కంపెనీ ఇంగ్లండులో వేసిన ‘వన్ ఇయర్’ మాత్రం ఆ వరసలో ఎక్కడా వినపడదు. పాడింది కోలిన్ బ్లన్‌స్టోన్. అరవైల్లో జాంబీస్ అనే బృందానికి ప్రధాన గాయకుడు. విడిగా తన పేరు మీద వేసిన మొదటి ఎల్పీ ఇది. పది పాటలు, రెండు వైపులూ కలిపి అరగంటకు కాస్త ఎక్కువ.

ఇది ఎందుకు మరుగున పడిందంటే జనం చెప్పే కారణాలు కొన్నున్నాయి. కంపెనీ సరిగ్గా పట్టించుకోలేదని, పాటలన్నీ ఒక తీరుగా లేవని, ఆ ఏడాది పోటీ మరీ ఎక్కువైపోయిందని. అన్నింటిలోనూ కొంత నిజముంది. కానీ నా మటుకు నాకు అసలు కారణం వేరే కనిపిస్తుంది. అప్పటికే ఆ దేశాల్లో పాటకు సొంతదారు ఎవరన్న ప్రశ్నకు ఒకటే జవాబు స్థిరపడిపోయింది: రాసినవాడు. సొంతంగా రాసుకుని పాడితే కళాకారుడు, ఇతరులు రాసింది పాడితే ఉత్త గొంతు. ఈ కొలబద్ద పెట్టుకుని వింటే ‘వన్ ఇయర్’ చిన్నదిగానే కనిపిస్తుంది. మనలాంటి వాళ్ళం, అంటే నేపథ్య గానం వింటూ పెరిగినవాళ్ళం, ఆ కొలబద్దను అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన చెవులు ఈ రికార్డుకు ముందే సిద్ధంగా ఉన్నాయి. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు మనిషి సంగతి. లండన్‌కి ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే ఊరుంది. అక్కడి బడి కుర్రాళ్ళు అయిదుగురు కలిసి పెట్టుకున్న బృందం జాంబీస్. కీబోర్డు మీద రాడ్ ఆర్జెంట్, బేస్ గిటారు క్రిస్ వైట్, గిటారు పాల్ యాట్కిన్సన్, డ్రమ్స్ హ్యూ గ్రండీ, పాడటానికి కోలిన్. 1964లో ఒక పోటీలో గెలిచి డెక్కా కంపెనీతో ఒప్పందం తెచ్చుకున్నారు. ఆ ఏడాదే వచ్చిన ‘షీజ్ నాట్ దేర్’ అమెరికాలో హిట్ పాటల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ జాబితాలో 2వ స్థానం దాకా వెళ్ళింది. అప్పటికి కోలిన్‌కు పంతొమ్మిదేళ్ళు. ఆ పాట ఇప్పుడు విన్నా మొదట చెవిని పట్టేది అతని ఊపిరి. అరవడు, అదమడు. మాటతో పాటు గాలి కూడా బయటికి వస్తుంది. బీటిల్స్ తరహా కేకలు ఊపేస్తున్న రోజుల్లో ఇంత మెత్తగా పాడి నెగ్గుకు రావడం చిన్న విషయం కాదు.

ఆ పాట రాసింది ఆర్జెంట్. జాంబీస్ పాటలు చాలామటుకు ఆర్జెంట్, వైట్ ఇద్దరూ రాసినవే. 1967లో యాబీ రోడ్ స్టూడియోలో ‘ఒడెస్సీ అండ్ ఓరకిల్’ తయారవుతున్నప్పుడు జరిగిన ఒక గొడవ గురించి కోలిన్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అప్పుడే రాసి తెచ్చిన పాట. గొంతుకు ఇంకా పట్టుబడలేదు. కంట్రోల్ రూమ్‌లోంచి ఆర్జెంట్ ఒక్కో ముక్కా ఇలా కాదు అలా అని దిద్దుతున్నాడు. కోలిన్‌కు ఒళ్ళు మండి, అంత బాగా వస్తే నువ్వే వచ్చి పాడుకో అన్నాడు. పాడేది నువ్వు, వచ్చేదాకా అక్కడే నిలబడు అని అటునుంచి జవాబు. నిలబడ్డాడు, పాడాడు. 1969లో ఆ పాట అమెరికాలో 3వ స్థానానికి వెళ్ళింది. ఈ గొడవను సరదా కథలాగా చెప్పుకుంటారు గానీ, నాకు దాంట్లో ఒక పెద్ద విషయం వినిపిస్తుంది. రాసినవాడికి పాట తలలో ఉంది. అది లోకానికి వినపడాలంటే మాత్రం ఆ అద్దం అవతల నిలబడ్డవాడి ఊపిరి కావాలి.

ఆ రికార్డు గురించి ఇంకొక్క ముక్క. దానికి సీబీఎస్ రికార్డు కంపెనీ ఇచ్చిన డబ్బు వెయ్యి పౌండ్లు. అందులో వయొలిన్ల బృందాన్ని పిలిచే స్తోమత లేదు. స్టూడియోలో జాన్ లెనన్ వదిలి వెళ్ళిన మెలోట్రాన్ ఉందని, దాన్నే వాడుకున్నామని ఆర్జెంట్ చెప్పేవాడు. మెలోట్రాన్ అంటే ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉండే పెట్టె. మెట్టు నొక్కితే ఎవరో ఎప్పుడో వాయించిన వయొలిన్ స్వరం మోగుతుంది. నకలు వయొలిన్లన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ‘వన్ ఇయర్’ దగ్గర పనికొస్తుంది.

ఆ రికార్డు 1968 ఏప్రిల్‌లో మార్కెట్లోకి వచ్చేసరికి బృందమే లేదు. 1967 చివర్లోనే విడిపోయారు. ఎందుకంటే చేతిలో డబ్బు లేదు. ఇక్కడే నా వాదనకు కావలసిన అసలు విషయం ఉంది. అయిదుగురిలో ఆర్జెంట్‌కు, వైట్‌కు పాటలు రాసినందుకు రాయల్టీ వస్తోంది. మిగతా ముగ్గురికి అది లేదు. కచేరీల డబ్బులు చాలడం లేదు. రాసినవాళ్ళిద్దరూ కలిసి కొత్త బృందం పెట్టే పనిలో పడ్డారు. ప్రపంచమంతా విన్న ఆ గొంతు గలవాడు లండన్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగంలో చేరాడు. ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అమెరికా రేడియోల్లో మారుమోగుతున్నప్పుడు పాడినవాడు బల్ల ముందు కూర్చుని ఫైళ్ళు చూసుకుంటున్నాడు. ఇంకో విడ్డూరం కూడా జరిగింది. అసలు బృందం లేదు కదా అని ఒక అమెరికన్ ఏజెన్సీ జాంబీస్ పేరు పెట్టి వేరే కుర్రాళ్ళని ఊళ్ళు తిప్పింది. టెక్సస్ నుంచి వచ్చిన ఆ నకిలీ జాంబీస్‌లో ఇద్దరు, డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్, తర్వాత జీజీ టాప్ అనే రాక్ బృందంలో పేరు తెచ్చుకున్నారు. పేరుకు విలువుంది, పాటకు విలువుంది, గొంతుకు మాత్రం బత్తెం లేదు.

మనకిది కొత్త కథ కాదు. సినిమా పాటల మీద హక్కు పాడినవాళ్ళకు కూడా ఉందని మన దేశంలో చట్టం మార్చింది 2012లో. మరుసటి ఏడాదే గాయకులు తమ రాయల్టీ వసూలు కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా లాయరు నుంచి నోటీసు వచ్చినప్పుడు తెలుగు ఇళ్ళల్లో, ఆఫీసుల్లో, ఫేస్‌బుక్కులో జరిగిన వాదన గుర్తుండే ఉంటుంది. స్వరం కట్టినాయన హక్కు కాదంటామా అని కొందరు, ఆ గొంతు లేకపోతే ఆ పాటెక్కడ అని కొందరు. చట్టం సంగతి చట్టానిది. నన్ను కదిలించింది వేరే. ఆ రెండో మాట మనవాళ్ళు ఏ మాత్రం తడుముకోకుండా అన్నారు. పాడినవాడికి పాట మీద ఒక సొంతం ఉంటుందన్న నమ్మకం మనకు పుట్టుకతో వచ్చినంత సహజం. ఇంగ్లీషులో రాక్ సంగీత విమర్శ చదివితే ఈ నమ్మకం చాలాచోట్ల కనపడదు.

ఎందుకు కనపడదన్నది అరవైల మార్పులో ఉంది. అంతకుముందు అక్కడ కూడా రాసేవాళ్ళు రాసేవాళ్ళే, పాడేవాళ్ళు పాడేవాళ్ళే. న్యూయార్క్‌లో బ్రిల్ బిల్డింగ్ లాంటి చోట్ల కూర్చుని రాసే జంటలుండేవి. బాబ్ డిలన్, బీటిల్స్ వచ్చాక సొంతంగా రాసుకోవడమే నిజాయితీకి గుర్తయింది. ఆ మార్పు వల్ల గొప్ప పాటలు వచ్చాయి, కాదనను. కానీ ఆ ఊపులో పాడటమే తమ విద్య అయినవాళ్ళు వెనకబెంచీకి పోయారు. 1969లో ఇంగ్లీషు గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ చేసిన ‘డస్టీ ఇన్ మెంఫిస్’ ఇవాళ అన్ని గొప్ప జాబితాల్లోనూ ఉంది గానీ, వచ్చినప్పుడు ఇంగ్లండులో చార్టులకే ఎక్కలేదు. అందులో ఆమె రాసిన పాట ఒక్కటీ లేదు.

కోలిన్ మళ్ళీ పాటల్లోకి రావడం కూడా దొంగచాటుగానే జరిగింది. 1969లో నీల్ మెకార్థర్ అనే మారు పేరుతో డెరామ్ కంపెనీకి కొన్ని పాటలు పాడాడు. అందులో మొదటిది మళ్ళీ ‘షీజ్ నాట్ దేర్’. తన పాటను తానే వేరొకడి పేరుతో పాడుకోవాల్సి వచ్చిన గాయకుడు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తట్టడం లేదు. ఆ తర్వాత పాత స్నేహితులు ఆర్జెంట్, వైట్ మాతో రికార్డు చెయ్యి అని పిలిచారు. మళ్ళీ అదే యాబీ రోడ్. ఏడాది పొడవునా వీలు దొరికినప్పుడల్లా రికార్డింగులు. ఈసారి కోలిన్‌కు కావలసినట్టు నిజమైన వయొలిన్లు, వయొలాలు, చెల్లోలు వచ్చాయి. వాటికి స్వరం రాయడానికి క్రిస్టఫర్ గన్నింగ్ అనే యువకుడు దొరికాడు. తర్వాతి కాలంలో టీవీలో వచ్చిన ‘అగాథా క్రిస్టీస్ పొయిరో’కు సంగీతం కట్టింది ఆయనే. ఆ సీరియల్ మొదట్లో వచ్చే బాణీ చాలామంది చెవుల్లో ఉండే ఉంటుంది.

ఇక రికార్డు. ఒక్క పాట చాలు దీని సత్తా తెలియడానికి, మొదటి వైపు రెండోది, ‘మిస్టీ రోజెస్’. టిమ్ హార్డిన్ రాసిన పాట. అంతకుముందే చాలామంది పాడారు. కోలిన్ మొదలుపెట్టేటప్పుడు ఒక్క నైలాన్ తీగల గిటారు తప్ప పక్కన ఏమీ లేదు. మైకుకు బాగా దగ్గరగా నిలబడి పాడాడని తెలుస్తూనే ఉంటుంది, పదానికి ముందు పెదవులు విడివడే చప్పుడు కూడా వినపడేంత దగ్గర. ప్రతి వాక్యం చివర గొంతు గాలిలో కలిసిపోతుంది. ఎక్కడా సాగదీయడు, గమకం పేరుతో ఒక్క మెలికా వేయడు. రెండున్నర నిమిషాల్లోపే పాట అయిపోయినట్టుంటుంది. మామూలు గాయకుడైతే అక్కడ అయిపోయేది కూడా.

అక్కడ గిటారు ఆగి తీగవాద్యాలు అందుకుంటాయి. ఇది పాటకు అలంకారంగా వేసిన ఇంటర్‌లూడ్ కాదు. చెల్లో ఒక వైపు లాగుతుంది, వయొలిన్లు ఇంకో వైపు ఒరుసుకుంటాయి, శ్రుతి ఎక్కడ నిలుస్తుందో తెలియదు. హంగేరీ స్వరకర్త బార్టోక్ నాలుగు తీగవాద్యాలకు రాసిన క్వార్టెట్లు విన్న చెవికి ఆ జాడ తెలుస్తుంది. ప్రేమ పాటలో ఇంత కలవరం ఎందుకని మొదట విసుగు కూడా రావచ్చు. అంతలో ఆ కలవరం మధ్యలోంచి కోలిన్ మళ్ళీ వస్తాడు. అవే మాటలు. కానీ ఈసారి కింద గిటారు లేదు, ఆ తీగలే ఉన్నాయి. అదే గొంతు, అదే మెత్తదనం, భావం మాత్రం పూర్తిగా మారిపోయింది. మొదట అమ్మాయి అందాన్ని మెచ్చుకుంటున్నవాడిలా వినిపించినవాడు, రెండోసారి ఆమె తనకు దక్కదని తెలిసినవాడిలా వినిపిస్తాడు. మాట మారలేదు, రాగం మారలేదు. ఇది రాసిన హార్డిన్‌దా, స్వరం అల్లిన గన్నింగ్‌దా, పాడిన కోలిన్‌దా? ముగ్గురిదీ. కానీ ఆ ముగ్గురిలో ఎవరు లేకపోతే ఆ రెండో భావం పుట్టదో ఒక్కసారి విన్నవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

ఇది విన్నప్పుడల్లా నాకు ఏ.ఎం. రాజా గుర్తొస్తాడు. ఘంటసాల గొంతులోని గంభీరం తెలుగు మగ గొంతుకు కొలతగా నిలిచిన రోజుల్లో రాజా ఎంత మెల్లగా పాడాడో తలుచుకోండి. 1955 నాటి ‘మిస్సమ్మ’లో ‘రావోయి చందమామ’. రాసింది పింగళి, స్వరం కట్టింది సాలూరు రాజేశ్వరరావు, పాడింది రాజా, లీల. తెర మీద కనిపించేది ఎన్టీఆర్, సావిత్రి. ఇంతమంది చేతులు పడిన పాటను మా ఇంట్లో ఎప్పుడూ రాజా పాట అనే అనేవాళ్ళు. పింగళిని తక్కువ చేయాలని కాదు. పింగళి పదాలు మా నాన్నకు కంఠతా వచ్చు. పాట అన్నది పలికినప్పుడు మాత్రమే ఉంటుంది, పలికినవాడి పేరే ముందు నోట్లోకి వస్తుంది, అంతే. ఆ ఇంట్లో పెరిగిన నాకు, బ్లన్‌స్టోన్ ఇతరుల పాటలు పాడాడు కాబట్టి ఇది అసలైన సోలో రికార్డు కాదన్న వాదన మొదటినుంచీ తలకెక్కలేదు.

ఈ వాదన చేసేవాళ్ళలో నా దగ్గరి స్నేహితుడే ఒకడున్నాడు. రాక్ సంగీతం నాకంటే బాగా తెలిసినవాడు. అతనంటాడు, సొంత అనుభవం సొంత మాటల్లో చెప్పినప్పుడే ఆ రికార్డుకు ఒక మనిషి ముఖం వస్తుందని, జోనీ మిచెల్ గొప్పతనం అదేనని. జోనీ మిచెల్ విషయంలో నాకు పేచీ లేదు. కానీ ఆ మాట నిజమైతే ‘వన్ ఇయర్’లో అందరికంటే బాగా పండాల్సింది కోలిన్ స్వయంగా రాసినవి. అవీ ఉన్నాయి ఇందులో. ‘కేరొలైన్ గుడ్‌బై’ అతనిదే. నటి కేరొలైన్ మన్రోతో ప్రేమ తెగిపోయాక రాశానని తనే చెప్పాడు. మంచి పాట. సూటిగా, నిబ్బరంగా ఉంటుంది. ఆ వైపు చివర్లో వచ్చే ‘దో యూ ఆర్ ఫార్ అవే’ కూడా అతనిదే, ఇంకా బాగుంటుంది. అయినా మనసు గీసుకుపోయేది మాత్రం హార్డిన్ రాసిన ‘మిస్టీ రోజెస్’, డెనీ లేన్ రాసిన ‘సే యూ డోంట్ మైండ్’. సొంత విరహం కంటే పరాయివాడి పాటలోనే ఈ మనిషి ఎక్కువగా బయటపడ్డాడు. గాయకుడన్నవాడికి సహజంగా జరిగేదే ఇది. తన మాటలైతే వాటిని కాపాడుకోవాలని చూస్తాడు. ఇతరుల మాటలైతే వాటిలోకి దూకేస్తాడు.

‘సే యూ డోంట్ మైండ్’ దగ్గర కాసేపు ఆగాలి. డెనీ లేన్ మూడీ బ్లూస్ బృందానికి మొదటి గాయకుడు, తర్వాత బీటిల్స్‌లోని పాల్ మకార్ట్నీతో కలిసి వింగ్స్ బృందంలో పనిచేశాడు. 1967లో తను రాసుకున్న ఈ పాటను తనే పాడి సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వేస్తే ఎవరూ పట్టించుకోలేదు. అందులో డ్రమ్స్ ఉన్నాయి, బృందం ఉంది. కోలిన్ రికార్డులో అవేవీ లేవు. మొత్తం తీగలే. తీగలతోనే పాప్ పాట అంటే అప్పటికే బీటిల్స్ ‘ఎలనార్ రిగ్బీ’ ఉంది, ఎనిమిది మంది వాయించారు అందులో. అది బిగుసుకుపోయిన పాట. ఇది ఎగిరి గంతేసే పాట. చెల్లోలు తాళం వేస్తుంటే పై వయొలిన్లు ఉరుకులు పెడతాయి. డ్రమ్స్ లేవన్న సంగతి పాట సగం అయ్యేదాకా తోచదు. వాటి మీద కోలిన్ క్షమాపణ అడుగుతున్నాడు, ప్రాధేయపడుతున్నాడు, కానీ దిగులుగా కాదు, హుషారుగా. చివర్న గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళి, ఇక పగులుతుందేమో అనిపించే చోట నిలబడుతుంది. గట్టి గొంతు ఆ స్వరాన్ని గెలిచి నిలబడేది. ఇతని గొంతు దాన్ని అందుకుంటుంది, అంతే. 1972 మొదట్లో ఇది సింగిల్‌గా వచ్చి ఇంగ్లండులో 15వ స్థానానికి చేరింది. రాసినవాడు పాడితే నడవని పాట వేరొకడు పాడితే నడిచింది. దీన్ని మించిన సాక్ష్యం నేను ఎక్కడినుంచి తేను?

రికార్డంతా ఇదే స్థాయిలో ఉందని చెప్పను. మొదటి పాట, ‘షీ లవ్స్ ద వే దే లవ్ హర్’, రాక్ బృందం మోతతో మొదలవుతుంది. వాయించింది ఆర్జెంట్ పెట్టిన కొత్త బృందమే. ఆ పాట, ‘స్మోకీ డే’ రెండూ అసలు జాంబీస్ విడిపోయాక ‘ఆర్ ఐ పీ’ పేరుతో వేద్దామనుకుని కంపెనీ ఆపేసిన రికార్డు కోసం తయారైనవి. ‘స్మోకీ డే’ ఈ కొత్త రూపంలో బాగా కుదిరింది. మొదటి పాటకు మాత్రం కోలిన్ గొంతు సరిపోలేదు. బృందం ముందుకు తోస్తుంటే అతను పక్కకు జరుగుతున్నట్టుంటుంది. రెండో వైపు మొదట్లో మైక్ డాబో రాసిన ‘మేరీ వోంట్ యూ వార్మ్ మై బెడ్’లో కూడా వాద్యాల హడావుడి ఎక్కువ. కంపెనీవాళ్ళకు రేడియోలో మోగే పాట కావాలి కదా, ఆ లెక్కలో వచ్చినట్టున్నాయి ఈ రెండూ. ఈ రెండింటినీ విని రికార్డు పక్కన పెట్టేసినవాళ్ళు చాలామందే ఉంటారని నా అనుమానం. రెండు వైపులా గుమ్మంలోనే అవి నిలబడి ఉన్నాయి మరి.

ఎల్పీ మీదే వినమని ఎందుకు చెబుతానంటే, కారణం ఇదే. నల్ల రికార్డులో ఏదో మహత్తు ఉందని నేను నమ్మను. ఫోనులో విన్నా పాట పాటే. కానీ ఫోనులో మొదటి పాట నచ్చకపోతే వేలు దానంతటదే పక్కకు జరిపేస్తుంది. రికార్డు ప్లేయరు మీద ముల్లు పెట్టాక, లేచి వెళ్ళి తీసి జరపడానికి బద్ధకిస్తాం. ఆ బద్ధకమే ‘మిస్టీ రోజెస్’ దాకా తీసుకెళుతుంది. మోత అయిపోయి, ఒక్క గిటారు మిగిలి, ఆ గొంతు వినపడగానే, మొదటి పాట అక్కడెందుకుందో కూడా కొంత అర్థమవుతుంది. అలాగే మొదటి వైపు చివర నెమ్మదిగా ఆగిపోతుంది. రికార్డు తిప్పాలి. లేచి, తిప్పి, దుమ్ము తుడిచి, మళ్ళీ ముల్లు పెట్టేదాకా పట్టే ఆ కాసేపు లేకపోతే ‘మేరీ’ పాట మొహం మీద కొట్టినట్టుంటుంది. ఆ విరామం లెక్కలో పెట్టుకునే వరస కూర్చారు.

ఇంకో సాంకేతిక విషయం కూడా ఇందులో ఉంది. పన్నెండు అంగుళాల రికార్డు నిమిషానికి 33 చుట్లు తిరుగుతుంది, ఇంకో మూడో వంతు. బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు అర మీటరు పరిగెడితే, లోపల లేబులు దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం సగం కూడా ఉండదు. అదే ఒక సెకను పాటను అంత తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే ఏ వైపు చూసినా చివరి పాటలో ‘స’కారాలు చిట్లుతాయి, పై స్థాయి వయొలిన్లు గీరుకున్నట్టు వినిపిస్తాయి. మరి ‘సే యూ డోంట్ మైండ్’ సరిగ్గా అక్కడే ఉంది, రెండో వైపు చిట్టచివర, తీగలు తప్ప ఏమీ లేని పాట, పైస్థాయిలో ముగిసే పాట. ఇది ఎలా నెగ్గుకొచ్చిందంటే, వైపుకు పదహారు, పదిహేడు నిమిషాలకు మించి లేదు. గాళ్ళు విడివిడిగా, వెడల్పుగా వేసుకోవచ్చు, లేబులుకు మరీ దగ్గరగా పోనక్కర్లేదు. అదే ఇరవై అయిదు నిమిషాల వైపైతే ఆ ఆఖరి స్వరం చెడిపోయేది. ముల్లు అరిగిపోయి ఉంటే మాత్రం ఎవరి రికార్డు మీదైనా ఆ చోట ఇట్టే పట్టుబడుతుంది. నా ముల్లు మార్చాల్సిన వేళ అయిందో లేదో నేను ఈ పాటతోనే చూసుకుంటాను.

ఈ రికార్డుకు ఇంకో లోటు కూడా ఉంది, లోటు అనడమే అన్యాయం గానీ. అదే 1971లో నిక్ డ్రేక్ అనే ఇంగ్లీషు గాయకుడి ‘బ్రైటర్ లేటర్’ వచ్చింది. మెత్తటి గొంతు, పక్కన తీగవాద్యాలు, అప్పట్లో కొన్నవాళ్ళు బహు తక్కువ. రెంటికీ పోలికలెన్నో. నిక్ డ్రేక్ 1974లో ఇరవై ఆరేళ్ళకే చనిపోయాడు. ఆ తర్వాత పాతికేళ్ళకు ఒక కారు ప్రకటనలో అతని పాట వినపడి లక్షలమంది వెతుక్కుని వెళ్ళారు. వెళ్ళినవాళ్ళకు అక్కడ ఒక విషాద కథ కూడా దొరికింది. కోలిన్‌కు అలాంటి కథ లేదు. ఆఫీసు ఉద్యోగం చేశాడు, మళ్ళీ పాడాడు, 1982లో అలన్ పార్సన్స్ ప్రాజెక్ట్ అనే బృందానికి ‘ఓల్డ్ అండ్ వైజ్’ పాడాడు, పాత స్నేహితుడితో మళ్ళీ జాంబీస్ పేరు నిలబెట్టి ఊరూరా తిరిగాడు. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ బృందానికి చోటు దక్కినప్పుడు వేదిక ఎక్కి పాడాడు కూడా. చిన్న వయసులో పోయినవాడి గొంతులో మనం విషాదం వెతుక్కుంటాం, దొరుకుతుంది. బతికి, వయసు పైబడినా అదే పాట పాడుతున్నవాడి గొంతులో ఉన్నదాన్ని వెతకడానికి ఎవరికీ తొందరుండదు. నిక్ డ్రేక్‌కు దక్కిన శ్రద్ధలో నాలుగో వంతు ఇతనికి దక్కి ఉంటే ఈ వ్యాసం అవసరమే పడేది కాదు.

‘వన్ ఇయర్’ తర్వాత 1972లో ‘ఎన్నిస్మోర్’ వచ్చింది. అందులో రస్ బాలర్డ్ రాసిన ‘ఐ డోంట్ బిలీవ్ ఇన్ మిరకిల్స్’ ఉంది, ఇంగ్లండులో 31వ స్థానం దాకా వెళ్ళింది. కోలిన్ అభిమానుల్లో చాలామంది రెండిట్లో అదే మేలంటారు. ఆ పాట మటుకు అద్భుతం, ఒప్పుకుంటాను. పైగా అది కూడా వేరొకరు రాసిందే. కానీ ఆ రికార్డులో గొంతు వెనక ఎప్పుడూ ఒక బృందం కాపు కాస్తుంటుంది. ‘వన్ ఇయర్’లోని ఉత్తమమైన పాటల్లో ఆ కాపు లేదు. జారితే పట్టుకునేవాడు లేడని తెలిసీ పాడిన పాటలవి.

కొనదలుచుకున్నవాళ్ళకు ఒక మాట. పాత ఎపిక్ ప్రతి కోసం వేలకు వేలు పోసి తెప్పించుకోనక్కర్లేదు, నా దగ్గరున్నదీ తర్వాత వేసిందే. 2021లో యాభై ఏళ్ళ సందర్భంగా సన్‌డేజ్డ్ అనే అమెరికన్ కంపెనీ మళ్ళీ వేసినదానిలో, అప్పటిదాకా బయటికి రాని రికార్డింగులతో ఇంకో డిస్కు కూడా ఉంది. అది తర్వాత వినొచ్చు. ముందు పది పాటలూ వరసలో వినండి, మొదటి పాటతో సహా. ‘మిస్టీ రోజెస్’లో గిటారు ఆగినచోట పాట అయిపోయిందనుకుని లేవకండి.